గోధుమ బ్రెడ్ కోసం బ్రెడ్ మెషీన్ కొనొచ్చా?

మైదా బ్రెడ్ ఏ మెషీనైనా బాగానే చేసి పెడుతుంది. దాని అసలు పనితనం తెలిసేది పొట్టు తీయని గోధుమ పిండి వేసినప్పుడే. నాకు కావలసిందీ అదే: చెంచాడు మైదా కూడా కలవని బ్రెడ్. ప్యాకెట్ ముందు 'గోధుమ' అని పెద్ద అక్షరాలతో ఉన్నా, వెనక్కి తిప్పితే పదార్థాల్లో మొదటి పేరు మైదాయే కావడం చాలాసార్లు చూశాను.

మా ఇంట్లో ఉన్నది అడుగున ఒకే బ్లేడు ఉన్న సాదా రకం. హోల్ వీట్ బటన్ నొక్కగానే కలపడం మొదలుపెట్టదు. ముందు కాసేపు పాన్‌ను గోరువెచ్చగా చేస్తుంది, తర్వాత పిసుకుతుంది, మైదా ప్రోగ్రామ్ కన్నా ఎక్కువసేపు పొంగనిస్తుంది. మొత్తం నాలుగు గంటల పైమాటే. ఆ సమయం వృథా కాదు. గోధుమ పొట్టు నీటిని నెమ్మదిగా పీలుస్తుంది, పైగా ముద్దకు సాగే గుణం ఇచ్చే ప్రోటీన్ అయిన గ్లూటెన్ సాగకుండా అడ్డు పడుతుంది. తొందరపెడితే బ్రెడ్ పొట్టిగా, బరువుగా వస్తుంది.

అయినా మెషీన్ ఇచ్చే సమయం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. అందుకే పిండి, నీళ్లు మాత్రం వేసి డో ప్రోగ్రామ్‌లో (కాల్చకుండా ముద్ద మాత్రమే చేసేది) రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపేస్తాను. అరగంట నానాక మిగతావి వేసి హోల్ వీట్ నొక్కుతాను. ముక్క మెత్తదనంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. నా కొలత 500 గ్రాముల పిండికి 380 మిల్లీలీటర్ల నీళ్లు, 9 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు చెంచాల నూనె, ఒక చెంచా తేనె. కప్పులతో వద్దు, తూకం వేయండి. కప్పులో పిండిని ఎంత అదిమారన్న దాన్నిబట్టి బరువు మారిపోతుంది.

పిసకడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి తప్పకుండా చూడాలి. ముద్ద కాస్త వేలికి అంటుకునేలా ఉండాలి. గట్టిగా, పొడిగా కనిపిస్తే చెంచాడు నీళ్లు పోయండి. జిగటగా ఉందని మాత్రం వెంటనే పిండి చల్లొద్దు, కాసేపట్లో పొట్టు ఆ తడిని లాగేసుకుంటుంది. పైభాగం పొంగి మధ్యలో కుంగిపోతుంటే ఈస్ట్ కొద్దిగా తగ్గించి చూడండి. మెషీన్ వెచ్చదనానికి గోధుమ పిండి త్వరగానే పులుస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. బ్లేడు వల్ల అడుగున పెద్ద రంధ్రం పడుతుంది. చివరి పొంగుకు ముందు తడి చేత్తో ముద్దను ఎత్తి బ్లేడు తీసేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. పైభాగం ఓవెన్‌లో కాల్చినంత ఎర్రగా రాదు. మెషీన్ కొన్ని గంటల తర్వాత మొదలయ్యేలా పెట్టే డిలే టైమర్‌ను నీళ్లతో చేసే బ్రెడ్‌కే వాడతాను. పాలు గంటల తరబడి బయట ఉండడం మంచిది కాదు. టైమర్ పెట్టినప్పుడు ఈస్ట్ నీళ్లకు తగలకుండా పిండి మీద చిన్న గుంటలో వేయాలి, అంటే నానబెట్టే పని కుదరదు.

కాలిన బ్రెడ్‌ను లోపలే వెచ్చగా ఉంచే వార్మ్ మోడ్‌ను అసలు నమ్మకండి. ఆవిరి లోపలే చిక్కుకుని పక్కలు చెమ్మబారతాయి. బీప్ వినగానే బ్రెడ్‌ను జాలీ మీదకు తీసి, పూర్తిగా చల్లారాకే కోయండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, కావలసినప్పుడు నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.