కొద్ది నిమిషాల జ్ఞాపకశక్తి పరీక్షలు: పన్నెండేళ్లు వాడాక

ఎంఎంఎస్‌ఈ, మోకా, మినీ-కాగ్, ఏసీఈ-3. జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గుతున్నాయేమో చూడటానికి పెట్టే చిన్న పరీక్షలు ఇవి, పన్నెండేళ్లుగా నా టేబుల్ మీద ఉన్నవి ఇవే. ఒక్కటే ఉంచుకోమంటే మోకా ఉంచుకుంటాను. అలాగని అందులో వచ్చిన స్కోరును గుడ్డిగా నమ్మను.

నేను పని నేర్చుకున్నది 1975లో వచ్చిన ఎంఎంఎస్‌ఈతో. 30 మార్కుల్లో 10 ఈ రోజు తేదీ ఏంటి, ఎక్కడున్నాం అన్నవాటికే పోతాయి. ఆలోచించి పని ప్లాన్ చేసుకోగలరా అన్నది అందులో దాదాపు తేలదు. లెక్కల ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయనకు 28 వచ్చింది. "అయితే ఏమీ లేనట్టేనా మేడమ్?" అని ఆయన భార్య అడిగింది, కానీ ఆవిడ ముఖంలో ఊరట లేదు. ఒకే బిల్లు రెండుసార్లు కడుతున్నారట. వారం తర్వాత మోకా పెడితే, అదీ 30 మార్కులదే, 20 వచ్చింది. అంకె, అక్షరం, మళ్లీ అంకె అంటూ గీత కలిపే చోటే ఆగిపోయారు. ఇంట్లోవాళ్లను అడగకుండా రిపోర్టు రాయడం నేను ఆ రోజే మానేశాను.

మోకాలో నాకు బాగా నచ్చింది మొత్తం మార్కుల్లో కలవని భాగం. మొదట ఐదు మాటలు చదివి వినిపించి, కాసేపయ్యాక అడుగుతాం. గుర్తురాని వాటికి ముందు ఆ మాట ఏ రకానికి చెందిందో సూచన ఇస్తాం, తర్వాత మూడు మాటలు చెప్పి ఎంచుకోమంటాం. సూచన ఇవ్వగానే మాట దొరికితే అది లోపల ఉంది, బయటికి రావడమే కష్టం. ఎంచుకోమన్నా దొరక్కపోతే అసలు నిలవలేదేమో అని చూడాలి. అల్జీమర్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. తొందరలో చాలామంది ఈ భాగం వదిలేస్తారు, చూస్తే బాధేస్తుంది.

గడియారం గీసి "పదకొండూ పది" చూపించమంటాం. పెద్దముల్లు 2 మీదికి పోవాలి. కొందరు "పది" అన్న మాటను పట్టుకుని 10 మీదే పెడతారు. పోయేది ఒక్క మార్కే, అయినా ఆ కాగితాన్ని ఫైల్లో దాచిపెడతాను.

లోపం చదువు దగ్గర వస్తుంది. మోకాలో 26 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నార్మల్ అన్నారు, పన్నెండేళ్లో అంతకన్నా తక్కువో చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. బడి ముఖం చూడని మనిషికి ఆ ఒక్క మార్కు ఏ మూలకు? అంకెలూ అక్షరాలూ చూసి పెన్సిల్ పక్కన పెట్టేసిన చేతులు చాలా చూశాను. వాళ్లకు ఇప్పుడు చదువు మీద అంతగా ఆధారపడని ఆర్‌యూడీఏఎస్ అనే పరీక్ష వాడుతున్నాను.

మినీ-కాగ్ మూడు నిమిషాల పని, 5కి 3 కన్నా తక్కువొస్తే లోతుగా చూడాలి, అంతే. ఏసీఈ-3 100 మార్కులది. మాట తడబడుతున్నవాళ్లకు అదే పెడతాను, మధ్యలో అలసిపోతే నీళ్లిచ్చి కాసేపు ఆగుతాను.

ఏ పరీక్షైనా మొదలుపెట్టేముందు కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టుకున్నారో లేదో చూడండి. అదే పరీక్ష మళ్లీ పెట్టేటప్పుడు వేరే మాటలున్న ఫారం వాడండి. ఒకావిడ రెండోసారి వచ్చి, నేను చదవకముందే ఐదు మాటలూ అప్పజెప్పేసింది.