ఆమదాలవలస నుంచి అరసవల్లికి తెల్లవారుజాము ఆటో

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం ఊళ్లో కాదు. టౌనుకి దాదాపు 13 కిలోమీటర్లు. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఆదివారం చీకటితో దిగేసరికి ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఒక పెద్దాయన ఆటో దొరికింది. 350 అన్నాడు, 300కి ఒప్పుకున్నాడు.

కాస్త దూరం పోయాక మెయిన్ రోడ్డు వదిలి పొలాల మధ్యకి తిప్పాడు. ఒకటే టెన్షన్. "ఎటు తీసుకెళ్తున్నారు బాబూ?" మూడుసార్లు అడిగాను. "కల్వర్టు తవ్వీసినారమ్మా, ఇటైతే బేగి ఎల్పోతాం. నానున్నాను కదా" అన్నాడు.

నాకే నవ్వొచ్చింది. మా ఆయన ఉద్యోగం పోయి మూడు నెలలు. "ఇక భారం నీదే తండ్రీ, ఎటు నడిపిస్తే అటే" అని సూర్యనారాయణస్వామికి చెప్పుకోవడానికే కదా బయలుదేరాను! ఇరవై నిమిషాలు ఆటో ఆయన్ని నమ్మలేకపోయాను. శ్రీకాకుళం టౌన్లోని డే అండ్ నైట్ జంక్షన్ లైట్లు కనబడ్డాకే ఊపిరాడింది.

సీటు రెక్సిన్ చిరిగింది, స్ప్రింగు గుచ్చుకుంటుంది. కానీ గుడి దగ్గర ఇంద్రపుష్కరిణి ఎటో, చెప్పులు ఎక్కడ వదలాలో చూపించి మరీ వెళ్లాడు. తిరుగు ప్రయాణానికీ ఆయన్నే రమ్మన్నాను.