కాంగ్రెషనల్ యాప్ ఛాలెంజ్: ఆ మూడు నిమిషాల వీడియో కోసమైనా పిల్లల్ని పంపండి

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగిళ్లలో ఆగస్టు వచ్చిందంటే ఒకటే చర్చ, ఈ ఏడు ఏ పోటీకి పెడదాం, కాలేజీ అప్లికేషన్‌లో ఏది పనికొస్తుంది అని. మేమూ అలాగే మొదలుపెట్టాం. కిందటేడు టెన్త్ గ్రేడ్‌లో ఉండగా మా అమ్మాయి కాంగ్రెషనల్ యాప్ ఛాలెంజ్‌కి వెళ్లింది. గెలవలేదు. అయినా నేను ఈ పోటీకి ఐదుకి ఐదూ ఇస్తాను.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అమెరికా ప్రతినిధుల సభ తరఫున జరిగే పోటీ. 2013లో సభ చేసిన తీర్మానం దీనికి మూలం. మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లలు ఒక్కరుగా గానీ నలుగురి దాకా టీమ్‌గా గానీ యాప్ చేసి, దాన్ని చూపించే చిన్న వీడియోతో పంపొచ్చు. ఫీజు లేదు. ఏ ప్రోగ్రామింగ్ భాషైనా సరే, ఫోన్ యాపైనా వెబ్ యాపైనా సరే. గడువు మామూలుగా అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో ఉంటుంది. దేశం మొత్తంతో పోటీ పడక్కర్లేదు, మీ కాంగ్రెస్ డిస్ట్రిక్ట్ (సభకు ఒక ప్రతినిధిని ఎన్నుకునే నియోజకవర్గం) పిల్లల మధ్యే పోటీ. గెలిచిన యాప్‌కి వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనంలో ఏడాదిపాటు ప్రదర్శనలో ఉండే అవకాశం వస్తుంది.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. మీ ప్రతినిధి ఆ ఏడాది పోటీ పెట్టడానికి ఒప్పుకుని ఉండాలి, సభలో ఉన్న 435 మందిలో అందరూ పెడతారని లేదు. ఇల్లు ఉన్న డిస్ట్రిక్ట్‌లో లేకపోతే బడి ఉన్న డిస్ట్రిక్ట్‌లో ఉందేమో చూడండి, అక్కడి నుంచి కూడా పోటీ చేయొచ్చు. ఎంత కష్టపడే పిల్లలైనా ఆ ప్రతినిధి ఆఫీసు వాళ్లు పోటీకి పేరు నమోదు చేసుకోకపోతే అవకాశం లేనట్టే, నాకు ఈ పోటీలో నచ్చని సంగతి ఇదొక్కటే.

ఇక మా సంగతి. అంతకు ముందు ఏడాది మా ఊళ్లో ఒక కోచింగ్ వాళ్లు "మీ పాపతో మంచి యాప్ చేయిస్తాం" అంటే నమ్మి తొమ్మిది వందల డాలర్లు కట్టాం. నాలుగో క్లాసుకల్లా పూర్తయిపోయిన యాప్ ఒకటి చేతిలో పెట్టారు, రంగులూ పేరూ మార్చుకోవడమే తరువాయి. ఆ రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి, "అమ్మా, ఇందులో నేను చేసిందేముంది, ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అంది. దాన్ని పంపలేదు. డబ్బులు పోయాయి. కానీ అది అలా అడిగినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

కిందటేడు మాత్రం ఎవరి సాయమూ వద్దంది. తను బడి మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. మాది టెక్సాస్, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ వేరే ఊళ్లో ఉంటే బ్యాండ్ బస్సు ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పేవాళ్లుండరు. పదకొండింటికి అంటారు, పన్నెండున్నరకు వస్తుంది, తల్లిదండ్రులందరం బడి పార్కింగ్‌లో కార్లలో కునికిపాట్లు పడుతుంటాం. దానికే యాప్ చేస్తానంది.

మొదట ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో, అంటే కోడ్ టైప్ చేయకుండా యాప్ చేసుకునే సాధనంలో, బ్లాకులు పేర్చి ఆండ్రాయిడ్ యాప్ చేసింది. తీరా చూస్తే తల్లిదండ్రుల్లో సగానికి పైగా ఐఫోన్లే. దాన్ని పక్కన పడేసి జావాస్క్రిప్ట్‌లో వెబ్ పేజీలా మళ్లీ మొదలుపెట్టింది. బస్సులో ఉన్న తన ఫోన్ నుంచి లొకేషన్ వస్తుంటే మాకు మ్యాప్‌లో కనపడాలి, అదీ ఆలోచన. మొదటిసారి వాడిన రాత్రి నేను పార్కింగ్‌లో కూర్చుని ఫోన్ చూస్తుంటే బస్సు ఏదో గ్యాస్ స్టేషన్ దగ్గర గంట నుంచీ కదలకుండా ఉంది, పైగా ఫోన్ చేస్తే మా అమ్మాయి ఎత్తదు, నాకు ఒకటే టెన్షన్. ఇంతలో వెనక నుంచి లైట్లు పడ్డాయి. చూస్తే బస్సు! ఫోన్ స్క్రీన్ ఆఫ్ అవగానే బ్రౌజర్ లొకేషన్ పంపడం మానేస్తుందని అప్పుడు తెలిసింది.

నేను పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, నోరు ఊరుకోదు, అయినా ఏమీ చెప్పలేదు. రెండు వారాలు కుస్తీ పట్టి చివరికి మ్యాప్ మొత్తం తీసేసింది. మూడే బటన్లు పెట్టింది: బయల్దేరాం, తినడానికి ఆగాం, పది నిమిషాల్లో వస్తాం. బస్సులో ఎవరో ఒకరు నొక్కితే చాలు, పేజీ తెరిచి ఉన్న అందరికీ కనపడుతుంది. ఆ మార్పు చూసినప్పుడు నాకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి, మా టీముల్లో పెద్ద ఇంజినీర్లకే తాము కట్టింది తీసేయాలంటే మనసొప్పదు.

ఈ పోటీలో అసలు విలువంతా వీడియోలోనూ, దాంతోపాటు అడిగే ప్రశ్నల్లోనూ ఉంది. యాప్ ఎలా పనిచేస్తుందో మూడు నిమిషాల లోపు చూపించాలి. కోడ్ రాసేటప్పుడు ఎక్కడ ఇబ్బంది పడ్డావు, ఎలా దాటావు, ఇంకో వెర్షన్ చేస్తే ఏం మారుస్తావు అని అడుగుతారు. కొనుక్కున్న యాప్ ఉన్న పిల్లలు ఇక్కడ నీళ్లు నమలాల్సిందే. మా అమ్మాయికి మాత్రం ఆ గ్యాస్ స్టేషన్ రాత్రే జవాబైంది. మొదటి వీడియో నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. రెండోది బాగా వస్తుండగా నా కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. చివరిది రెండు నిమిషాల యాభై సెకన్లు, ఎక్కడా కాగితం చూడకుండా మాట్లాడింది.

కోడింగ్ రాదు కదా అని వెనకాడే పిల్లలు ఉంటే, ఆగస్టులో బ్లాకులతో మొదలుపెట్టినా అక్టోబర్‌కి చిన్నదేదైనా చేయగలరు. అయితే గడువుకి కనీసం వారం ముందు యాప్ ఆపేసి వీడియో మీద కూర్చోమనండి. మీరు మాత్రం కీబోర్డ్ ముట్టుకోకండి, దయచేసి.

మా డిస్ట్రిక్ట్‌లో వేరే టీమ్ గెలిచింది. ఆ రోజు మా అమ్మాయి కాసేపు తలుపేసుకుంది. కానీ ఆ మూడు బటన్ల పేజీని మా బ్యాండ్ తల్లిదండ్రులు ఈ సీజన్‌లోనూ వాడుతున్నారు. కిందటి నెల నైన్త్ గ్రేడ్ పిల్ల ఒకతె వచ్చి "అక్కా, బస్సు చెడిపోయింది అని నాలుగో బటన్ కూడా పెట్టవా" అని అడిగిందట. ఇద్దరూ కలిసి ఈసారి వేరే యాప్‌తో టీమ్‌గా రిజిస్టర్ చేసుకున్నారు, శనివారాలు మా డైనింగ్ టేబుల్ వాళ్లదే.