పాత టర్బో కారు: పోలో జీటీ మేలా, అబార్త్ పుంటో మేలా?

మా బామ్మర్ది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తాడు. వారానికోసారి హైదరాబాద్ వెళ్లొస్తాడు. పెళ్లి కాకముందే ఒక స్పీడు కారు తోలాలని కోరిక. చేతిలో ఆరు లక్షలున్నాయి. మొన్న నల్లగొండ వచ్చినప్పుడు ఫోన్లో రెండు బండ్ల ఫొటోలు చూపించాడు. ఒకటి 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, ఇంకోటి 2016 అబార్త్ పుంటో. "బావా, టర్బో పోతే లక్ష రూపాయలైతదంట గదా. రెండిట్ల ఏది తీసుకుంటే ఖర్చు తక్కువ?" అన్నాడు.

వాడి భయం తప్పుచోట ఉంది. టర్బో మనకేమీ కొత్త కాదు. బోరు బండికీ, డీసీఎంకీ, బొలేరోకీ ఉన్నది అదే. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది, దాన్ని కాపాడేది పల్చని ఆయిల్ పొర. ఆయిల్ పాతబడితేనో, తగ్గితేనో, బాగా తోలిన బండిని టక్కున ఆపేస్తేనో ఆ పొర మాడి మసవుతుంది. ఈ తప్పు నా పాత డీజిల్ బండి మీద నేనే చేశాను. నకిరేకల్ నుంచి ఒక్క ఊపులో వచ్చి, నార్కట్‌పల్లిలో చాయ్ హోటల్ ముందు ఆపిన క్షణమే తాళం తిప్పేసేవాణ్ణి. రెండేళ్లకు సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. మెకానిక్ పైపు ఊడదీసి, ఇరుసును వేలితో అటూ ఇటూ ఆడించి చూపించాడు. టర్బో మొత్తం మార్చకుండా లోపలి భాగం కొత్తది వేయిస్తే పాతిక వేలలోపే అయిపోయింది.

పెట్రోల్ కార్లలో ఈ పని ఇంకొంచెం ఖరీదు. కంపెనీ షోరూంలో కొత్త టర్బో వేయిస్తే లక్ష దాకా అవుతుందన్న మాట నిజమే. కానీ హైదరాబాద్‌లో రిపేరు చేసి ఇచ్చేవాళ్లున్నారు, సగం ఖర్చులోపే తేలుతుంది. బామ్మర్ది భయపడాల్సింది గేర్‌బాక్సుకు.

పోలో జీటీ టీఎస్ఐ 2013లో మన దేశంలోకి వచ్చింది. 1.2 లీటర్ల ఇంజిన్, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. తోలితే వదలబుద్ధి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. గేరు మారినట్టే తెలియదు. ఈ డీఎస్‌జీలో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. రెండూ డ్రై క్లచ్‌లే, అంటే వాటిని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. హైవే మీద ఎంత దూరమైనా వాటికి బాధ లేదు. చంపేది నత్తనడక. సంక్రాంతికి ముందురోజు పంతంగి టోల్‌గేట్ దగ్గర నిలబడ్డవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. బ్రేకు సగం వదులుతూ, అంగుళం అంగుళం జరుపుతూ గంటసేపు పాకితే క్లచ్ వేడెక్కి అరిగిపోతుంది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణికితే అదే మొదటి గుర్తు. ముందు బండి నాలుగు గజాలు జరిగేదాకా బ్రేకు గట్టిగా తొక్కి ఆగడం, అప్పుడు ఒకేసారి కదలడం మంచి అలవాటు.

క్లచ్‌ల జత మార్చాలంటే లక్షకు అటూ ఇటూ. అసలు దెబ్బ మెకట్రానిక్ యూనిట్ అనే పెట్టె. గేర్లు వేసే హైడ్రాలిక్ కవాటాలు, వాటిని నడిపే కంప్యూటరు రెండూ అందులోనే ఉంటాయి. అది పోతే డాష్‌బోర్డు మీద గేరు గుర్తులు మిణుకుమంటాయి, సరి గేర్లో బేసి గేర్లో పడవు, ఒక్కోసారి బండి కదలనే కదలదు. కొత్తది వేస్తే రెండు లక్షలకు దగ్గర. ఈ కుటుంబం గేర్‌బాక్సుల గొడవ మన ఒక్కరిదే కాదు, 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ 3.84 లక్షల కార్లను దీనికోసమే వెనక్కి పిలవాల్సి వచ్చింది. అన్ని బండ్లకూ వస్తుందని కాదు, లక్ష కిలోమీటర్లు దాటినా మొదటి క్లచ్‌తోనే నడిచేవీ ఉన్నాయి. కానీ వచ్చిన రోజు నల్లగొండలో దాన్ని విప్పే చేయి దొరకడం కష్టం. బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి వంద కిలోమీటర్ల అవతలికి పంపాలి. ఆ కిరాయి కూడా లెక్కలో వేసుకో అన్నాను వాడితో.

చిన్నవి ఇంకో రెండు. దీని ఇంజిన్‌లో వాల్వులను వేళకు తెరిచి మూసేలా తిప్పే టైమింగ్ చైన్ ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రెండు క్షణాలు గలగలమంటే చైన్ సాగిందేమో చూపించాలి. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్ కాబట్టి గాలి వెళ్లే వాల్వుల మీద మసి పేరుకుంటుంది, కొన్నేళ్లకోసారి శుభ్రం చేయించాలి.

అబార్త్ పుంటో కథ వేరు. 2015లో వచ్చింది. 1.4 లీటర్ల టీ-జెట్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. పెట్రోల్ వాల్వుల ముందే చిమ్ముతుంది కాబట్టి మసి గోల తక్కువ. క్లచ్ అరిగితే అది మామూలు క్లచ్, పాతిక ముప్పై వేలలో పని అయిపోతుంది. ఏ ఊరి మెకానిక్ అయినా గేర్‌బాక్సు దించగలడు. చైన్ బదులు దీనికుండే టైమింగ్ బెల్టును మాత్రం మరవకూడదు. తెగిందంటే ఇంజిన్ వాల్వులు వంగుతాయి. కొన్నవెంటనే, పాత యజమాని ఏం చెప్పినా సరే, కొత్త బెల్టు వేయించాలి. వాటర్ పంపుతో కలిపి పదిహేను వేలు అనుకోండి. స్టీరింగ్ హైడ్రాలిక్ కాబట్టి పైపుల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూడాలి. ముందు చక్రాల ఆర్ముల బుష్‌లు మన స్పీడ్ బ్రేకర్లకు తొందరగా పోతాయి. టైర్లకు టెన్షన్ లేదు, 195/55 ఆర్16, బలెనో సైజే.

మరి దీని లోటేమిటి? దీన్ని చేసిన ఫియట్ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం ఆపేసింది. ఇంజిన్ సామాన్లు ఫియట్‌దే ఇంకో కారు లీనియా టీ-జెట్‌వి చాలావరకు సరిపోతాయి, వెతికితే దొరుకుతాయి. కానీ ముందు బంపరో హెడ్‌లైటో పగిలితే వారాలు ఎదురుచూడాలి. మిల్లుకు రోజూ వెళ్లాల్సినవాడికి ఇంకో బండి లేకపోతే అది పెద్ద ఇబ్బందే. మా వాడికి బుల్లెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

మధ్యలో వాడు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ అని ఒక మాట వేశాడు. 230 హార్స్‌పవర్, డీఎస్‌జీయే గానీ ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లు. గేర్‌బాక్సు నమ్మదగ్గదే. కానీ ప్రతి అరవై వేల కిలోమీటర్లకు ఆ ఆయిల్ మార్చాలి, వాటర్ పంపు దగ్గర కూలెంట్ కారడం దానికి పేరుపడ్డ జబ్బు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అన్లేదు. పైగా ఆరు లక్షలకు అది రాదు, ఆ పేజీ మూసేయమన్నాను.

నన్నడిగితే అన్నిటికన్నా మేలైంది వాడి లిస్టులో లేనిది. 2020 తర్వాత పోలోలో 1.0 టీఎస్ఐ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. 110 హార్స్‌పవర్, డీఎస్‌జీ పీడ లేదు, సామాన్లు దొరుకుతాయి. కానీ దానికి ఇంకో రెండు లక్షలు కావాలి. "పంట డబ్బులొచ్చేదాకా ఆగు" అన్నాను. ఆగడట.

ఆగకపోతే నా ఓటు అబార్త్‌కే. పాత జీటీ అయితే, మెకట్రానిక్, క్లచ్‌లు మార్చిన బిల్లు చేతికిస్తేనే తీసుకోవాలి. బిల్లు లేకపోతే అడిగే ధరలో లక్షన్నర కోసి మాట్లాడాలి. ఏ బండైనా కంప్యూటర్ మార్పించి పవర్ పెంచినదైతే, అమ్మేవాడు దాన్ని గొప్పగా చెప్తున్నాడంటే, అక్కడి నుంచి వచ్చేయడమే. కొన్నాక ఇంజిన్ ఆయిల్‌ను కంపెనీ పుస్తకంలో రాసిన పదిహేను వేల కిలోమీటర్లకు కాదు, ఏడెనిమిది వేలకే మార్చాలి. వడ్ల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు ఇంకా ముందే.

వాడు చూపిన అబార్త్ జడ్చర్లలో ఉంది, నంబరు కర్ణాటకది. ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఎంతవుతుందో లెక్క తీసి, అది తగ్గించమని అడగమన్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం. మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఓనరుకు ముందే ఫోన్ చేయించాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే, చల్ల ఇంజిన్‌లో బయటపడే లోపం దాచడానికి ముందే స్టార్ట్ చేశాడనుకుని, పక్కనే టిఫిన్ చేసి వెనక్కి వచ్చేస్తాం.