రాజు ప్రాణానికి కాపలా: సొంతవాళ్లు మేలా, పరాయివాళ్లు మేలా?

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దాటి లక్డీకాపూల్ వైపు వెళ్తుంటే ఏసీ గార్డ్స్ అనే పేట వస్తుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రాల మీద కాపలా కాసిన ఆఫ్రికా సంతతి సైనికుల పేరే ఆ పేటకు మిగిలింది. ఈ సంగతి ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు అడుగుతారు: "అదేంటండీ, ఇంతమంది మనవాళ్లు ఉండగా రాజు ప్రాణం పరాయివాళ్ల చేతిలో పెట్టడమేంటి?" ఈ మధ్య ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడి సలహా సూటిగా ఉంటుంది. రాజు దగ్గర ఉండేవాళ్లు తాతతండ్రుల కాలం నుంచి కొలువు చేస్తున్నవాళ్లు అయి ఉండాలి, పరదేశి వద్దు. సొంత దేశంవాడైనా, ఒకసారి అవమానం పొంది మళ్లీ కొలువులో చేరినవాడైతే వాడూ వద్దు. రాజు నిద్ర లేవగానే ముందుగా చుట్టూ నిలబడాల్సింది విల్లు పట్టిన ఆడవాళ్లట. ఈ లెక్కన సొంతవాళ్లకే ఓటు. కానీ రోమ్ చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలబడదు.

అగస్టస్ చక్రవర్తి తన కాపలాకు ఏర్పాటు చేసిన ప్రిటోరియన్ గార్డులో మొదట్లో ఎక్కువమంది ఇటలీవాళ్లే. జీతం మామూలు సైనికుడి కంటే ఎక్కువ, ఉద్యోగం రాజధానిలోనే. అలాంటివాళ్లే క్రీ.శ. 41లో కాలిగులాను చంపి, క్లాడియస్‌ను గద్దె మీద కూర్చోబెట్టారు. క్లాడియస్ ఒక్కొక్కరికి 15,000 సెస్టర్సులు (రోమ్ నాణేలు) ఇచ్చాడు. దాదాపు ఐదేళ్ల జీతం ఒకేసారి చేతికొచ్చింది. రాజు మారితే ఇంత డబ్బొస్తుందని ఆ రోజే వాళ్లకు తెలిసిపోయింది. తర్వాత చక్రవర్తి అయిన గాల్బా, తన పేరు మీద వేరేవాళ్లు మాటిచ్చిన డబ్బు ఇవ్వనన్నాడు. సైనికులను ఎంచుకుంటాను కానీ కొనుక్కోనన్నాడు. 69 జనవరిలో ఈ గార్డులే అతన్ని నడిబజారులో చంపేశారు.

193లో జరిగింది చదివితే ఇప్పటికీ గుండె చల్లబడిపోతుంది. 87 రోజులు పాలించిన చక్రవర్తి పెర్టినాక్స్‌ను చంపి, వాళ్లు శిబిరంలోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. లోపల చనిపోయినవాడి మామగారు సల్పిషియానస్, బయట గేటు దగ్గర డిడియస్ జూలియానస్, ఇద్దరికీ గద్దె కావాలి. ఇద్దరి మధ్యా మనుషులు తిరుగుతూ "ఆయన ఇంత ఇస్తానంటున్నాడు, మీరెంత?" అని వేలం పాట పాడించారు. తలకు 20,000 దగ్గర ఉండగా జూలియానస్ ఒక్కసారిగా 5,000 పెంచి, గట్టిగా అరుస్తూ వేళ్లతో కూడా చూపించాడు. గేటు తెరుచుకుంది. రోమ్ సామ్రాజ్యం తలకు 25,000కు పోయింది. అలా కొనుక్కున్నవాడు 66 రోజులకే చచ్చాడు, ఆ రోజు వీళ్లలో ఒక్కరూ కాపాడలేదు.

అందుకే నేను సొంతవాళ్లా, పరాయివాళ్లా అని అడగను. రాజు చచ్చిన మర్నాడు పొద్దున కాపలావాడికి లాభమా, నష్టమా అని చూస్తాను. నా దృష్టిలో తేలేదంతా అక్కడే.

బైజాంటియం (తూర్పు రోమ్ సామ్రాజ్యం) చక్రవర్తి రెండో బాసిల్ తన సేనానులే తిరగబడటంతో 988లో కీవ్ రాజు వ్లాదిమిర్ పంపిన 6,000 మందిని తెచ్చుకున్నాడు. వాళ్లే వరాంజియన్ గార్డు. పెద్ద పెద్ద గొడ్డళ్లు, ఊరి భాష రాదు, ఊళ్లో చుట్టాలు లేరు, గద్దెకు తమవాడెవరినీ నిలబెట్టలేరు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ (ఇప్పటి ఇస్తాంబుల్)లోని హాగియా సోఫియా చర్చి పై అంతస్తులో పాలరాతి పిట్టగోడ మీద వాళ్లలో ఒకడు తన నార్స్ (పాత స్కాండినేవియా) లిపిలో పేరు గీశాడు. ఇప్పటికి చాలావరకు అరిగిపోయింది, హాఫ్‌డాన్ అన్న పేరు మాత్రం పోల్చుకోవచ్చు. ఎక్కడో ఉత్తరాన పుట్టినవాడు, అర్థం కాని భాషలో పూజ జరుగుతుంటే రాతి మీద పేరు చెక్కుకుంటూ నిలబడ్డాడు. ఆ ఒంటరితనమే చక్రవర్తికి ధీమా. లోటు కూడా ఉంది. వాళ్ల విధేయత ఎక్కువగా గద్దెకే, కూర్చున్న మనిషికి తక్కువ. చక్రవర్తి పోతే ఖజానాలోంచి మోయగలిగినంత తీసుకునే హక్కు వాళ్లకు ఉండేదని నార్స్ కథలు చెబుతాయి. అదే నిజమైతే నా పరీక్షలో వీళ్లకు సగం మార్కులే.

ఒట్టోమన్ తురుష్క సుల్తాన్ల సొంత దళమైన జానిసరీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొత్త సుల్తాన్ వస్తే వాళ్లకూ కానుక ముట్టేది. 1622లో కుర్ర సుల్తాన్ రెండో ఉస్మాన్‌ను చంపారు, 1826లో రెండో మహ్మూద్ వాళ్లను తుడిచిపెట్టాడు.

హళేబీడు వెళ్లినవాళ్లు హొయ్సళేశ్వర ఆలయం దగ్గర ఒక స్తంభం చూసే ఉంటారు. దాని మీద తమ తల తామే కోసుకుంటున్న వీరుల బొమ్మలున్నాయి. వీళ్లు గరుడులు, రాజుతోపాటే చస్తామని ఒట్టేసుకున్న అంగరక్షకులు. హొయ్సళ రాజు వీర బల్లాలుడు పోయాక ఆయన సేనాని కువర లక్ష్మ తన భార్యతో, వేయిమంది అనుచరులతో ప్రాణం ఇచ్చాడని ఆ శాసనం. కన్నడ, తెలుగు శాసనాల్లో కనిపించే లెంకలది కూడా ఏలికతో ప్రాణం ముడివేసుకున్న కొలువే. రాజు చస్తే తనూ చావాలనుకున్నవాడు లంచానికి లొంగడు, ఇంతకన్నా గట్టి కాపలా ఊహించలేం. కానీ మర్నాడు గద్దెనెక్కే కొడుకు సంగతేంటి? బాగా తర్ఫీదైన వేయిమంది ఆ ఒక్క రోజులో పోయారు. ఆ స్తంభం ముందు నిలబడితే నాకు గర్వం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది.

అందుకే నా మొగ్గు స్విస్ గార్డుల వైపు. వాళ్లూ జీతానికి వచ్చిన పరాయివాళ్లే. అయితే విడిగా వచ్చినవాళ్లు కారు. ఫ్రాన్స్ రాజు దగ్గరికి వాళ్లను పంపింది స్విస్ రాష్ట్రాలు, ఒప్పందం రాసుకుని. ఒకడు మోసం చేస్తే వెనక ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు పని పుట్టదు. రాజును చంపి సంపాదించేది ఏమీ లేదు, పోగొట్టుకునేది ఊరి పరువంతా. పోప్ కొలువులో 1506 నుంచి ఉన్నవాళ్లకు 1527 మే 6న పరీక్ష వచ్చింది. రోమ్ మీద పడిన సైన్యాన్ని ఆపుతూ 189 మందిలో 147 మంది చనిపోయారు. మిగిలిన 42 మంది పోప్ ఏడో క్లెమెంట్‌ను ఎత్తైన గోడ దారి గుండా సాంట్ ఏంజెలో కోటలోకి చేర్చారు. తెల్లటి దుస్తులు కింద ఉన్న శత్రువుల కంటపడతాయని పావొలో జోవియో అనే మతాచార్యుడు తన ఊదారంగు అంగీ తీసి పోప్ మీద కప్పాడు.

అంత నమ్మకస్తులకూ తీరని అన్యాయం జరిగింది. 1792 ఆగస్టు 10న పారిస్‌లో రాజు పదహారో లూయీ కుటుంబంతో సహా పొద్దున్నే అసెంబ్లీకి వెళ్లిపోయాడు. ఖాళీ ట్విలరీ ప్యాలెస్‌కు కాపలాగా స్విస్ సైనికులు మిగిలారు. కాల్పులు మొదలయ్యాక ఆయన ఒక చిన్న చీటీ రాసి పంపాడు: ఆయుధాలు వెంటనే కింద పెట్టి బ్యారక్‌లకు వెళ్లిపొమ్మని. వాళ్లలో 600 మందికి పైగా ఆ పోరులోనూ, లొంగిపోయాకా చనిపోయారు.