ఏడో తరగతి పిల్లలకి నాటకం నేర్పాలంటే ఏది మేలు: పద్యమా, రెడీమేడ్ నాటికా, పిల్లలే కట్టుకున్న స్కిట్టా?

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి, ఆరు నుంచి ఎనిమిది దాకా తెలుగు చెప్తాను. మా వైపు నాటకం అనగానే పెద్దాళ్ళకి గుర్తొచ్చేది కిరీటం, హార్మోనియం, మైకు ముందు సాగదీసిన రాగం. భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలకెళ్ళి తెల్లారేదాకా కూర్చుని చూసొచ్చిన తాతలు ఇప్పటికీ ఉన్నారు, స్కూల్ వార్షికోత్సవంలో ముందు వరస కుర్చీలు కూడా వాళ్ళవే. దాంతో ప్రతేడూ అదే మాట, "మాస్టారూ, ఈసారైనా రాయబారం పెట్టించండి." మూడు రకాలూ చేయించి చూశాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ముందు పద్యం సంగతి. దాన్ని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. మూడో బెంచీ దాకా కూడా వినపడని గొంతున్న కుర్రాడు రెండు నెలలు ఒక్క పద్యం పట్టుకుంటే వరండా చివరున్న వంటావిడ తలెత్తి చూస్తుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాట మీద ఆగాలి, ఎదుటివాడు పాడుతుంటే మనం ఏం చెయ్యాలి, ఇవన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఒత్తులు పలకడం కూడా, ఇది నాకు బోనస్. కానీ మనవాళ్ళు పిల్లల నెత్తిన పెట్టేది ఏంటంటే తిరుపతి వెంకట కవుల పడక సీను, అదే, కృష్ణుడి సాయం కోసం అర్జునుడూ దుర్యోధనుడూ వచ్చేది, అందులో "బావా" అని ఎత్తుకునే పద్యం శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, మాత్రల్లో లెక్కేస్తే 30. పెద్ద నటులు ఊపిరి బిగబట్టి పాడేదాన్ని పన్నెండేళ్ళ వాడిచేత పాడిస్తే వాడు పాడడు, ఫోన్లో విన్న ఏ పీసపాటి నరసింహమూర్తి గారి రికార్డునో అచ్చు దింపేస్తాడు, ఆ దగ్గుతో సహా. పైగా ఎనిమిదో తరగతికొచ్చేసరికి మగపిల్లలకి గొంతు మారుతుంది కదా, జూలైలో పట్టిన శ్రుతి జనవరికి ఉండదు, స్టేజీ మీద గొంతు జీరపోతే ఆ పిల్లాడు మళ్ళీ మైకు ముఖం చూడడు. ఒకసారి కిరీటం అద్దెకి తెచ్చాం, పెద్దాళ్ళ సైజు, లోపల తువ్వాలు కుక్కి పెట్టాం, కృష్ణుడు తల తిప్పితే కిరీటం తిరగదు, అర్జునుడు ఎటున్నాడో వాడికి సీనంతా తెలీలేదు పాపం. ఇంతా చేస్తే పాత్రలు నాలుగో ఐదో, క్లాసులో పిల్లలు 38 మంది.

సురభి నాటక సమాజం వాళ్ళ పిల్లలు చిన్నప్పట్నుంచీ ఆడట్లేదా అని అడుగుతారు కొందరు. ఆడతారు. 1885 నుంచి ఆ కుటుంబాలకి నాటకమే ఇల్లు, పిల్లలు స్టేజీ పక్కనే పెరుగుతారు. నాకున్నది వారానికి ఒక్క పీరియడ్, 45 నిమిషాలు, అందులో గోదారికి వరదొస్తే సెలవులు.

రెడీమేడ్ నాటిక గురించి పెద్దగా చెప్పడానికేం లేదండి. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల కోసం రాసినవి పెద్దాళ్ళ కష్టాలు, దూది గడ్డం అంటించుకుని దగ్గుతూ కొడుకుని తిట్టే పదకొండేళ్ళ ముసలాయన్ని ఎన్నిసార్లు చూస్తాం. బళ్ళ కోసం రాసినవైతే చివర్న అందరూ లైన్లో నిలబడి చెట్లు నాటండి అంటారు. ఒకడు డైలాగు మర్చిపోతే మిగతావాళ్ళు వాడి మొహంలోకి చూస్తూ నిలబడిపోతారు, ఎందుకంటే వాళ్ళకి తెలిసింది డైలాగే, అక్కడ జరుగుతున్నది కాదు. టీచరుకి మాత్రం సుఖం, పదిహేను రోజుల్లో అయిపోతుంది, అందుకే ఎక్కువ స్కూళ్ళలో ఇదే నడుస్తుంది.

ఇక మూడోది, స్క్రిప్టు లేకుండా పిల్లలే కట్టుకునేది. దీనికి ముందు ఆటలు కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు అద్దంలా ఇంకొకర్ని అనుసరించే ఆట ఉంది చూడండి, అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ ఇలాంటి ఆటలన్నీ కలిపి 1963లో పుస్తకమే వేశారు. మూడు వారాలు అవే ఆడించి తర్వాత ఒక సందర్భం ఇచ్చాను: గోదారి లంకలో రేవు, జనాన్ని దాటించే పంటి (పెద్ద పడవ) నిండిపోయింది, ఒకడు బైకు ఎక్కిస్తానంటాడు, ఒకావిడ కోళ్ళ గంప దించనంటుంది, నెలలు నిండిన మనిషి అవతలి ఒడ్డున ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరుగురో ఏడుగురో చొప్పున గుంపులు కట్టి మీరే చూసుకోండి అన్నాను. మొదటి రోజు ఆరు గుంపుల్లోనూ కొట్లాటే, పక్క క్లాసు మేడం తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. అప్పుడు మూడు రూల్స్ పెట్టాను, సినిమా డైలాగు వద్దు, కొట్టుకోవడం వద్దు, ఎవరూ చచ్చిపోవద్దు. అక్కడ్నుంచి పని జరిగింది. క్లాసులో నోరెత్తని ఒక పిల్ల పంటివాడి వేషం వేసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా డబ్బుల కోసం చెయ్యి చాపుకుంటూ అందరి ముందు నుంచీ వెళ్ళింది, గర్భిణి దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసేసుకుంది. నేను చెప్పలేదండి ఆ ముక్క.

లోపాలు లేవా అంటే బోలెడు. గొణుగుతారు, జనానికి వీపు చూపిస్తారు, గొంతు ఎదగదు. ముందు వరస తాతలైతే "ఇదేం నాటకం మాస్టారూ, రేవులో రోజూ చూసేదేగా" అనేశారు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో ఆడించిన వ్యవహార ధర్మబోధిని కూడా రోజూ కోర్టుల్లో చూసే ప్లీడర్ల మోసాలేనండి, అదీ వాడుక భాషలోనే, అన్నాను. విన్నారు గానీ పద్యం ఎక్కడా అన్నట్టే చూశారు.

నన్ను ఒకటే ఎంచుకోమంటే ఆరు, ఏడు తరగతులకి స్కిట్టే, 38 మందికీ పని దొరికేది అందులోనే. ఎనిమిదిలో పద్యం కలుపుతాను, కానీ కిరీటం లేకుండా, శార్దూలం జోలికి పోకుండా. సుమతీ శతకం ఉందిగా, అన్నీ కందాలు, ఒకటి, మూడు పాదాలకి 12 మాత్రలు, రెండు, నాలుగుకి 20, పిల్లల ఊపిరికి సరిపోతుంది. రాగం రానివాడు మాటలా చెప్పినా బాగుంటుంది, అప్పు అడిగినట్టు ఒకసారి, కోపంగా ఒకసారి, అలా.

కిందటి వార్షికోత్సవానికి అదే పంటి స్కిట్టులో అప్పిచ్చేవాడూ వైద్యుడూ లేని ఊళ్ళో ఉండొద్దనే పద్యం పెట్టాం. నొప్పులు పడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని పంటివాడు ఆ పద్యం ఎత్తుకునేసరికి, వైద్యుడు అనే మాట దగ్గర జనం చప్పట్లు కొట్టేశారు, తాతలు వన్స్ మోర్ అన్నారు. వాడు హుషారుగా మళ్ళీ ఎత్తుకున్నాడు, గర్భిణి వేషం వేసిన పిల్ల ఊరుకోలేదు, "ముందు ఒడ్డుకి తియ్యవయ్యా, తర్వాత పాడుకుందువు గాని" అంది.