సుకగావా తొకుసత్సు ఆర్కైవ్ సెంటర్: కూలగొట్టడానికి కట్టిన నగరాలు

జపాన్‌లోని ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో ఉన్న సుకగావా, 1954 నాటి గాడ్జిల్లా చిత్రానికి ట్రిక్ దృశ్యాలు తీసిన ఎయిజి త్సుబురాయా పుట్టిన ఊరు. 2020 నవంబరులో అక్కడ తెరిచిన తొకుసత్సు ఆర్కైవ్ సెంటర్‌ను చూడడానికి ఒక పూటంతా కేటాయించుకుని వెళ్ళాను. రబ్బరు తొడుగులో నటుడు, చిన్న చిన్న భవనాలు, మందుగుండు, కంటికి ఆనని తీగలు, వీటితోనే తెర మీద ఉత్పాతాలు సృష్టించే కళను జపనీయులు తొకుసత్సు అంటారు. ప్రవేశ రుసుము లేదు.

ఇది ముందుగా భద్రపరిచే చోటు, ఆ తరువాతే ప్రదర్శనశాల. అద్దాల అవతల అరల నిండా విమానాలు, వాహనాలు, కట్టడాలు ఒద్దికగా ఒదిగి ఉన్నాయి. తొక్కించడానికో తగలబెట్టడానికో చేసిన ఇలాంటి వస్తువులు షూటింగ్ అయ్యాక చెత్తలో పడడమే ఎక్కువ. దక్కినవాటిలో కూడా రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగిలిపోతుంది. అది తెలిసి చూస్తే ఆ అరల ముందు అడుగు త్వరగా కదలదు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు గడిపింది నగర నమూనా దగ్గర. 2012లో టోక్యో సమకాలీన కళా మ్యూజియంలో జరిగిన తొకుసత్సు ప్రదర్శన కోసం ఒక చిన్న చిత్రం తీశారు. ఇది అందులోని నగరమే. నిలబడి చూసినంతసేపూ బొమ్మలాగే ఉంది కానీ, మోకాళ్ళ మీద కూర్చుని చూపును వీధి మట్టానికి దించగానే భవనాలు ఒక్కసారిగా ఆకాశానికి లేచాయి. ఈ కళలో కెమెరాను అంత కిందికి ఎందుకు దించుతారో అప్పుడు అర్థమైంది. 1954 నాటి గాడ్జిల్లా ఎత్తు కథలో 50 మీటర్లు, నమూనాల కొలత ఇరవై అయిదింట ఒక వంతు, కాబట్టి తొడుగు వేసుకున్న మనిషి రెండు మీటర్లుంటే చాలు. అయితే చిన్న గోడ పెద్ద గోడ కంటే ఎంతో వేగంగా నేలకూలుతుంది. లెక్క ప్రకారం ఇక్కడ అయిదు రెట్లు. అందుకే కెమెరాలో ఫిల్మును మామూలు కంటే వేగంగా నడిపి తీసి, తెర మీద నెమ్మదిగా చూపించి, ఆ గోడకు బరువు తెచ్చిపెట్టేవారు. ఇంత ఆలోచన ఒక గోడ కూలడం వెనక ఉందని తలచుకుంటే ఆ పనివాళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

హంగూ ఆర్భాటమూ ఆశించేవారికి ఇది సరిపడకపోవచ్చు; వస్తువు ఎలా తయారైందో నిదానంగా చూసేవారికి మాత్రం తప్పక వెళ్ళమని చెబుతాను. షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో కోరియామా దాకా వెళ్ళి, అక్కడ మామూలు రైలు ఎక్కితే సుకగావా వస్తుంది. సెంటర్ స్టేషన్‌కు దూరం కనుక కారు ఉంటే సుఖం. ఊళ్ళోనే టెట్టే అనే భవనం అయిదో అంతస్తులో త్సుబురాయా మ్యూజియం ఉంది. ముందు అది చూసి ఆయన జీవితం తెలుసుకుని, ఆ తరువాత ఇక్కడికి రండి.